ఛత్రపురంలో పుట్టిన నాస్తికుడు: గోరా గారి జీవితం

ఉగాది సంచికలలో భక్తుల చరిత్రలు, కవుల చరిత్రలు వ్రాయడం పరిపాటి. పంచాంగ శ్రవణం ముగిసి, వేపపువ్వు పచ్చడి పంచిపెట్టిన పందిట్లోనే ఈ సంచిక కూడా పాఠకుల చేతికి అందుతుంది. అటువంటి చోట, దేవుడు లేడని జీవితాంతం చెప్పిన ఒక మనిషి చరిత్ర ఎందుకని కొందరు పెద్దలకు తోచవచ్చు. అందుకు రెండు కారణాలున్నవి. ఒకటి, ఆయన పుట్టినది మన గంజాం జిల్లాలోనే. రెండవది, మన కుటుంబాలలో ఈ మధ్య తరచుగా వస్తున్న ఒక ప్రశ్నకు ఆయన జీవితంలో మంచి సమాధానం దొరుకుతున్నది.

ఆ ప్రశ్న ఇది. నాస్తికత్వాన్ని గురించిన పుస్తకాన్ని భక్తిగల ఇంట్లో ఉంచవచ్చునా? భక్తుని చేతికి ఇచ్చి చదవమనవచ్చునా? ఇవ్వవలసివస్తే ఏ పుస్తకం ఇవ్వాలి?

ఇది ఊరక పుట్టిన ప్రశ్న కాదు. కాలేజీ చదువులకు వెళ్లిన మన పిల్లలలో కొందరు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు పూజగదివైపు చూడరు. తాతగారు అడిగితే ఏదో ఒక పుస్తకం తెచ్చి ముందు పడవేస్తారు. ఆ పుస్తకం మొదటి పుటలోనే తాతగారిని మూఢుడని తేల్చివేస్తుంది. ఆయన దానిని మూసి పక్కన పెడతారు. ఆ తరువాత ఇద్దరి మధ్య మాటలుండవు. సొంత రాష్ట్రంలో ఉన్నవారికైతే ఇరుగుపొరుగున మాట్లాడేవారు ఉంటారు. పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు తెలుగులో నోరారా మాట్లాడుకునే చోటు ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో మాట ఆగిపోతే భాష కూడా ఆగిపోతుంది. కాబట్టి ఈ విషయంలో ఒక దారి చూసుకోవడం మనకు అవసరం.

గోరా అని లోకం పిలిచిన ఆయన పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. ఇంటిపేరులోని మొదటి అక్షరం, తన పేరులోని మొదటి అక్షరం కలిపి గోరా అయినారు. 1902 నవంబరు 15న ఛత్రపురంలో జన్మించారు. రైల్వేలో పనిచేసే మనలో చాలామందికి ఛత్రపురం అంటే ఖుర్దా రోడ్డు నుంచి బరంపురం పోయే దారిలో వచ్చే ఒక స్టేషను మాత్రమే. ఆయన పుట్టిననాటికి గంజాం మద్రాసు రాజధానిలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ జిల్లాలో అధికభాగం అందులో చేరినది. మనుషులు కదలకుండానే సరిహద్దు కదిలిన ప్రాంతం ఇది. ఇక్కడి తెలుగువారిలో అనేకులు వలస రాకుండానే ప్రవాసాంధ్రులైనారు.

గోరా గారిది ఆచారవంతమైన బ్రాహ్మణ కుటుంబం. కాకినాడ పిఠాపురం రాజా వారి కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందారు. 1922లో, చదువు సాగుతుండగానే, విజయనగరంలో పుట్టిన సరస్వతి గారితో వివాహమైనది. అప్పటికి ఆమె వయస్సు పదేండ్లు. ఆనాటి ఆచారం అటువంటిది. ఆ చిన్నపిల్లయే తరువాత భర్తతో సమానంగా నిలిచి, జైలుకు కూడా వెళ్లిన ధీరురాలైనది.

ఆయన పుట్టు నాస్తికుడు కాడు. ఒక్క రోజున మారిన మనిషి కూడా కాడు. వృక్షశాస్త్రం చదివినవాడు గనుక ఒక మాట విన్నప్పుడు దానిని పరీక్షించి చూడడం అలవాటైనది. ఒక ఇంట్లో దయ్యాలున్నవని ఊరివారు భయపడితే అక్కడ పడుకొని చూశారు. దయ్యం రాలేదు. గర్భవతి గ్రహణం చూడరాదని, కదలరాదని పెద్దలు చెబితే, సరస్వతి గారు గర్భవతిగా ఉండగా గ్రహణం వేళ ఇంట్లో దాగక తన పనులు తాను చేసుకున్నారు. బిడ్డకు ఏ లోపమూ కలుగలేదు. ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఎదుటివారి నమ్మకాన్ని ఎగతాళి చేయడానికి ఆయన బయలుదేరలేదు. ముందుగా తన ఇంట్లో, తన ఒంటిమీద, తన బిడ్డల విషయంలో పరీక్ష చేసుకున్నారు. ప్రమాదం ఏదైనా ఉంటే అది తమకే గాని ఇతరులకు కాదు.

1925లో మధురలోని అమెరికన్ కళాశాలలో అధ్యాపకునిగా ఉద్యోగం ప్రారంభించారు. క్రైస్తవమతం పుచ్చుకుంటే అమెరికాకు పంపి పైచదువు చదివించే అవకాశం అక్కడ కలిగినదట. దానిని ఆయన అంగీకరించలేదు. పిమ్మట కోయంబత్తూరులో పత్తి పరిశోధన శాఖలోను, కొలంబోలో బౌద్ధుల ఆనంద కళాశాలలోను పనిచేశారు. ఈ విధంగా హిందువుల ఇంట పుట్టి, క్రైస్తవుల మధ్య, బౌద్ధుల మధ్య కూడా ఉద్యోగం చేసి అన్ని మతాలవారినీ దగ్గరగా చూశారు. ప్రతిచోటా మంచివారున్నారు, ప్రతిచోటా గోడలున్నవి అని ఆయనకు బోధపడినది.

1928 ప్రాంతంలో జందెం తీసివేశారు. తండ్రికి అది భరింపరాని దుఃఖమైనది. కొడుకు కోడలు ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చినది. తాను చదివిన కాకినాడ కళాశాలలోనే అధ్యాపకునిగా ఉండగా, నాస్తిక భావాల కారణంగా 1933లో ఉద్యోగం పోయినది. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలో కొంతకాలం పనిచేసి, అది కూడా వదలుకున్నారు. పెరుగుతున్న సంసారం, నెలజీతం లేదు. నెలజీతంమీద బ్రతికే మనబోటివారికి ఆ నిర్ణయం ఎంత బరువైనదో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

1940లో కృష్ణా జిల్లా ఉయ్యూరు దగ్గర ముదునూరు గ్రామంలో నాస్తిక కేంద్రం స్థాపించారు. పేరు చూసి అక్కడ నిత్యం దేవుని నిందిస్తూ కూర్చున్నారని అనుకోరాదు. వయోజనులకు చదువు చెప్పడం, అస్పృశ్యత తొలగించడం, వేర్వేరు కులాలవారిని ఒక పంక్తిలో కూర్చోబెట్టి భోజనం చేయించడం, ఇవి అక్కడి పనులు. నెలనెలా పున్నమినాడు సహపంక్తి భోజనాలు జరిగేవి. ఎవరి తిండి వారే తెచ్చుకొని అందరూ కలిసి తినేవారు. మాలపల్లెలో ఉండి మాలపల్లెవారితో తిన్న బ్రాహ్మణుడు ఆనాటి పల్లెలో ఎన్ని మాటలు పడి ఉంటాడో ఊహించుకోవచ్చు. 1941లో నాస్తికత్వాన్ని గురించి తెలుగులో పుస్తకం వ్రాశారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కుటుంబంలో పలువురు జైలు పాలైనారు. సరస్వతి గారు చంటిబిడ్డతో సహా జైలులో ఉన్నారు.

బిడ్డలకు పెట్టిన పేర్లు కూడా చెప్పుకోదగినవి. దేవుళ్ల పేర్లు పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారునికి లవణం అని పేరు. రెండవ ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టినవానికి సమరం. తొమ్మిదవ సంతానానికి హిందీలో తొమ్మిది అన్న అర్థంలో నౌ అని పెట్టారు. మన ఇండ్లలో తాతల పేర్లు మనుమలకు వస్తవి. వారి ఇంట్లో దేశచరిత్రే పిల్లల పేర్లుగా వచ్చినది.

ఇక ప్రస్తుత విషయానికి ముఖ్యమైన ఘట్టానికి వస్తున్నాను. అది గాంధీజీతో ఆయన పరిచయం.

1930లోనే గోరా గారు గాంధీజీకి ఒక ఉత్తరం వ్రాశారు. దేవుడు లేడని వాదిస్తూ వ్రాసిన ఉత్తరం కాదది. దేవుడు అన్న మాటను మీరు ఏ అర్థంలో వాడుతున్నారని అడుగుతూ వ్రాసినది. భగవంతుడు మానవుని గ్రహణశక్తికి అందనివాడని గాంధీజీ బదులు వ్రాశారు. అప్పటికి అంతటితో ఆగినది. 1941లో ముదునూరు నుంచి మళ్లీ వ్రాశారు. తాము పల్లెలో చేస్తున్న పని గురించి, అందులో నాస్తిక దృష్టి ఎట్లు తోడ్పడుతున్నదో చెప్పి, కలుసుకోవడానికి అనుమతి కోరారు. గాంధీజీ ఆ భావాన్ని ఒప్పుకోలేదు. నాస్తికత్వమంటే తన్ను తాను కాదనుకోవడమే అని వారి అభిప్రాయం. మాటలకోసం సమయం ఇవ్వలేనని కూడా తెలియజేశారు. అందుకు గోరా గారు కోపం తెచ్చుకోలేదు, పత్రికలకు ఎక్కలేదు. ముదునూరులో తన పని తాను చేసుకున్నారు.

మూడేండ్లు గడిచినవి. ముదునూరు పని సంగతి కార్యకర్తల ద్వారా గాంధీజీ చెవిన పడినది. 1944 నవంబరులో గోరా గారు సేవాగ్రామం వెళ్లారు. దేవుడే లేనివానితో తానేమి మాట్లాడాలని గాంధీజీ నవ్వుతూ పలకరించారట. ఆ నవ్వుతో మొదలైన సంభాషణ క్రమంగా గంభీరమైనది.

అప్పుడు గోరా గారు చెప్పిన విషయాలలో ఒకటి బెంగాలు కరువు. 1943 కరువుకాలంలో కలకత్తా వీధులలో ఆకలితో ప్రాణాలు విడుస్తున్నవారిని ఆయన చూశారు. వారు పడి ఉన్న చోటికి దగ్గరలోనే అంగళ్లలో తినుబండారాలు పేర్చి ఉన్నవి. ఉన్నవాడు పెట్టలేదు. లేనివాడు చేయి చాచి లాక్కోలేదు. ఇద్దరూ దానిని దైవనిర్ణయమనే అనుకున్నారు. పెట్టనివానికి జాలి లేక కాదు, తీసుకోనివానికి ప్రాణంమీద తీపి లేక కాదు. తమ చేతిలో ఏమీ లేదన్న నమ్మకం ఇద్దరి చేతులనూ కట్టివేసినది. ఆ నమ్మకం పోతే మనిషి తోటిమనిషికి తానే బాధ్యుడనని తెలుసుకుంటాడని, తన నాస్తికత్వం అందుకోసమేనని గోరా గారు నివేదించారు.

గాంధీజీ నిదానంగా విన్నారు. వెంటనే ఖండించలేదు. చివరకు తన ఆస్తికతే సరియైనదని గాని, గోరా నాస్తికత తప్పని గాని తాను తేల్చలేనన్న భావం వెలిబుచ్చారు. ఇద్దరమూ సత్యాన్ని వెదకేవారమే గనుక, తమలో ఎవరిది పొరపాటని తెలిసినప్పుడు వారు దిద్దుకోగలరని వారి అభిప్రాయం. దేవుడే సత్యమని మొదట చెప్పిన గాంధీజీ 1931 నాటికి సత్యమే దేవుడని మాట మార్చుకొని ఉన్నారు. ఆ మార్పువల్ల నాస్తికునికి కూడా తమ ముంగిట చోటిచ్చినట్లైనది. గోరా గారు కుటుంబంతో సేవాగ్రామంలో ఉండడానికి కూడా అవకాశం కలిగినది.

దీని ఫలితం ఒక పెండ్లి. గోరా గారి పెద్ద కుమార్తె మనోరమను అర్జునరావు అనే హరిజన యువకునికి ఇచ్చి వివాహం చేయ నిశ్చయించారు. దానిని సేవాగ్రామంలో తామే జరిపిస్తామని గాంధీజీ అంగీకరించారు. పెండ్లి ప్రమాణంలో దేవుని పేరు చెప్పడానికి గోరా కుటుంబం ఒప్పుకోలేదు. దేవుని పేరు బదులు సత్యం పేర ప్రమాణం చేయించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. పెండ్లికి ముందుగా వరుడు కొంతకాలం ఆశ్రమంలో ఉండి తయారు కావాలన్నారు. ఇంతలో 1948 జనవరి 30 వచ్చినది. గాంధీజీ ఆ పెండ్లి చూడలేదు. అయినా ఇచ్చిన మాట ప్రకారం 1948 మార్చిలో సేవాగ్రామంలోనే ఆ వివాహం జరిగినది. ప్రార్థన మానని గాంధీజీ ఒక అడుగు ఇటు వేశారు. దేవుని పేరు పలకని గోరా ఒక అడుగు అటు వేశారు. ఇద్దరూ తమ నమ్మకం వదలలేదు.

ఈ పరిచయం అంతా గోరా గారు ఒక చిన్న పుస్తకంగా వ్రాశారు. గాంధీజీతో ఒక నాస్తికుడు అని అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో 1951లో వెలువడినది. దానిని ప్రచురించినది గాంధీజీ స్థాపించిన అహమ్మదాబాదు నవజీవన్ సంస్థ. దానికి పీఠిక వ్రాసినది గాంధీజీ తరువాత హరిజన్ పత్రికను నడిపిన కిశోరలాల్ మశ్రువాలా గారు. ధార్మిక చింతనకు పేరుపొందిన గాంధేయవాది ఆయన. అనగా నాస్తికుడు వ్రాసిన పుస్తకాన్ని నిత్యం ప్రార్థన చేసేవారు అచ్చువేసి, పీఠిక వ్రాసి, లోకానికి అందించారు.

భక్తునికి నాస్తిక గ్రంథం ఇవ్వవలసివస్తే మొట్టమొదట ఇవ్వవలసినది ఈ పుస్తకమేనని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను.

ఇందులో భక్తుడు మూఢుడు కాడు. నాస్తికుని ఎదుట కూర్చున్నది దేశమంతా గౌరవించిన భక్తుడు. ఆయన మాటలను, ఉత్తరాలను గోరా గారు తనకు అనుకూలంగా మార్చకుండా, తనకు వ్యతిరేకంగా ఉన్నవి కూడా దాచకుండా పొందుపరిచారు. చదివే తాతగారికి తన పక్షాన మాట్లాడేవాడు ఒకడు పుస్తకంలోనే ఉన్నాడు. కాబట్టి ఆయన ఒంటరివాడు కాడు. అట్టి పుస్తకాన్ని కోపం లేకుండా చివరివరకు చదవవచ్చు.

మరొక సంగతి, ఇందులో వాదంకంటె పని ముందు వస్తుంది. ముదునూరు పంక్తి భోజనాలు లేకపోతే సేవాగ్రామంలో సంభాషణ లేదు. దేవుడు ఉన్నాడా లేడా అన్నదానిమీద ఎన్ని రాత్రులైనా వాదించవచ్చు. అంటరానివాడని దూరంగా ఉంచినవానితో కలిసి తిన్నావా లేదా అన్నదానికి సమాధానం వెంటనే తెలుస్తుంది. ఈ ప్రశ్న భక్తుని కూడా అడగవచ్చు, నాస్తికుని కూడా అడగవచ్చు. పుస్తకం చదివిన భక్తుడు నాస్తికుడు కాకపోవచ్చు. కాని తన భక్తి తనచేత ఏమి చేయించుచున్నదో ఒకసారి లెక్క చూసుకుంటాడు. అంతకంటె పెద్ద లాభం ఏమి కావాలి?

అన్నిటికంటె ముఖ్యం, ఇందులో ఎవరూ గెలవలేదు. గాంధీజీ ప్రార్థన మానలేదు, గోరా ప్రార్థన మొదలుపెట్టలేదు. స్నేహం మాత్రం పెరిగినది. ఇంట్లో తండ్రీకొడుకులకు కావలసిన మార్గం ఇదే.

నాస్తికుల మాట వినడమే పాపమని మన పెద్దలలో కొందరు అంటారు. మన గ్రంథాలు అట్లు చెప్పలేదు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో జాబాలి అనే బ్రాహ్మణుడు రామునికి పరలోకం లేదని, పితృకర్మలు వ్యర్థమని చెబుతాడు. రాముడు దానిని గట్టిగా ఖండించాడు. కాని వాల్మీకి ఆ మాటలు తీసివేయలేదు. నిత్యపారాయణ చేసే గ్రంథంలో ఆ సర్గ నేటికీ ఉన్నది. అట్లే చార్వాకుల మూలగ్రంథాలు మనకు దక్కలేదు. వారు ఏమన్నారో తెలుసుకోవడానికి మనం నేటికీ తెరిచే పుస్తకాలలో ముఖ్యమైనది 14వ శతాబ్దంలో మాధవాచార్యులు రచించిన సర్వదర్శన సంగ్రహం. అందులో మొదటి ప్రకరణమే చార్వాక దర్శనం. ఆయన నాస్తికుడు కాడు, వేదాంతి. తాను ఒప్పుకోని మతాన్ని కూడా ముందుగా వివరించి, ఆ తరువాతనే మిగిలిన దర్శనాలకు వెళ్లాడు. పూర్వపక్షం తెలియనివానికి సిద్ధాంతం తెలియదన్నది మన పండితుల పద్ధతి. నవజీవన్ వారు 1951లో చేసిన పని ఆ పద్ధతికి అనుగుణమైనదే.

ఈ పుస్తకం తరువాత మరి కొన్ని చెప్పవచ్చు. 1930లో లాహోరు జైలులో భగత్‌సింగ్ తానెందుకు నాస్తికుడైనదీ ఒక వ్యాసం వ్రాశాడు. దానికి తెలుగు అనువాదాలున్నవి. ఉరికంబం ఎదుట నిలిచి కూడా పరలోకాన్ని ఆశించని యువకుని రచన గనుక, భక్తులకు సైతం దానిమీద గౌరవం కలుగుతుంది. గోరా గారు తమ కుటుంబం నాస్తికత్వానికి ఎట్లు వచ్చినదీ 1975లో ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం జీవితచరిత్రలు ఇష్టపడేవారికి బాగుంటుంది. సిద్ధాంతం కావాలని తానుగా అడిగినవారికి 1972లో వెలువడిన పాజిటివ్ ఎథీయిజం ఇవ్వవచ్చు. దేవుని కాదనడంతో ఆగక, మనిషి తనకు తాను స్వతంత్రుడై బాధ్యత వహించాలని అందులో ఆయన ప్రతిపాదన. కాని క్రమం తప్పరాదు. అన్నం తినేవానికి ముందు పప్పు వడ్డించి, ఆ తరువాత కారం వడ్డించడం మన పద్ధతి. మొదటి ముద్దలోనే ఊరుమిరపకాయ పెడితే విస్తరి ముందునుంచి లేస్తాడు.

గోరా గారి తరువాతి జీవితం కూడా సంక్షేపంగా చెప్పాలి. 1947లో నాస్తిక కేంద్రం విజయవాడ పటమటకు మారినది. 1949లో సంఘం అనే తెలుగు పత్రిక ప్రారంభించారు. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని ప్రచారం చేసి, 1952లో లోక్‌సభకు, 1967లో శాసనసభకు స్వయంగా పోటీచేశారు. గెలవలేదు. మంత్రులు ఆడంబరాలు మాని సామాన్యులవలె జీవించాలని కోరుతూ 1961లో సేవాగ్రామం నుంచి ఢిల్లీకి దాదాపు 1,100 మైళ్లు కాలినడకన వెళ్లారు. 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిపించారు.

అదే సంవత్సరం గోమాంసం, పందిమాంసం రెండూ వడ్డించే సభ కూడా ఒకటి ఏర్పాటు చేశారు. హిందూ ముస్లిముల కట్టుబాట్లను ఒకేసారి తెంచడం వారి ఉద్దేశం. దానివల్ల ఉభయ మతాలవారికీ మనస్సు నొచ్చినది. ఈ సంగతి దాచిపెట్టి గోరా గారిని భక్తులకు నచ్చేట్లు మాత్రమే చూపించడం న్యాయం కాదు. అందరూ మెచ్చాలని ఆయన ఏనాడూ పని చేయలేదు. ఐతే నా మట్టుకు ఆ సభకంటె పున్నమినాటి పంక్తి భోజనమే గొప్పదిగా కనిపిస్తుంది. ఎవరి తిండి వారు తెచ్చుకొని పక్కపక్కన కూర్చున్నప్పుడు కులం గోడ కూలినది గాని, ఎవరి నోటిలోనూ వారికి ఇష్టం లేని ముద్ద పడలేదు. భక్తునికి పుస్తకం ఇచ్చేవారు కూడా ఈ భేదం గుర్తుంచుకోవాలి.

1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ ఉండగానే గోరా గారు కన్నుమూశారు. సరస్వతి గారు ఆ తరువాత 31 సంవత్సరాలు జీవించి, కేంద్రం పనులు నడిపి, 2006లో మరణించారు. కుమార్తె చెన్నుపాటి విద్య విజయవాడ నుంచి 1980లోను, 1989లోను లోక్‌సభకు ఎన్నికైనారు. లవణం గారు వినోబా భావే భూదాన యాత్రలో పాల్గొని, భార్య హేమలత గారితో కలిసి స్టువర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్య సంస్కరణ పని చేశారు. ఆ హేమలత గారు మహాకవి జాషువా కుమార్తె. 2002లో గోరా గారి శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసినది.

ఇక మన కర్తవ్యం. మన సంఘాల గ్రంథాలయాలలో భారత భాగవతాల పక్కన గోరా గారి పుస్తకం ఒకటి ఉంచడంవల్ల భక్తికి ఏ హానీ రాదు. గాంధీజీ ఆశ్రమంలో ఆయన ఉన్నందువల్ల అక్కడి ప్రార్థన ఆగలేదు. పుస్తకం ఉన్నంతమాత్రాన ఎవరినీ చదవమని ఒత్తిడి చేయనక్కరలేదు. అడిగినవారికి అందుబాటులో ఉండాలి, అంతే.

ఇంట్లో పెద్దలకు ఇటువంటి పుస్తకం ఇవ్వదలచిన పిల్లలు ముందుగా తాము పూర్తిగా చదవాలి. తరువాత గోరా గారు 1930లో చేసినట్లు ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలి. తాతగారూ, మీరు దేవుడంటే ఏమని అనుకుంటున్నారని అడిగి, ఆయన చెప్పేది చివరివరకు వినాలి. మన ఇండ్లలో ఆ ప్రశ్న అడిగినవారు తక్కువ. తీర్థయాత్రలకు తోడు వెళ్లినవారు ఉన్నారు గాని, ఆయన మనస్సులో ఉన్న దేవుడు ఎటువంటివాడో అడిగినవారు లేరు. విన్న తరువాత పుస్తకం ఇవ్వవచ్చు. ఆయన బదులుగా భాగవతమో, గీతో చేతికిస్తే దానిని కూడా అంతే శ్రద్ధగా చదవాలి. ఇచ్చేవాడు పుచ్చుకోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి. పుచ్చుకోనివాడు ఇచ్చేది పుస్తకం కాదు, హుకుం.

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడు దేవుడు లేడన్నంతమాత్రాన చెడిపోయాడని నిశ్చయించవద్దు. వాడు ఎవరితో కలిసి తింటున్నాడో, ఎవరికి సాయపడుతున్నాడో చూడండి. గాంధీజీ గోరా గారిని చూసినది ఆ విధంగానే. మొదట సమయం లేదన్నవారు, ముదునూరు పని తెలిసిన మీదట తలుపు తెరిచారు.

ఈ ఉగాదినాడు పచ్చడిలో చేదు, తీపి రెండూ కలిపి తిన్నాము. ఛత్రపురంలో పుట్టిన ఆయన చరిత్ర కొందరికి చేదుగా ఉండవచ్చు. పచ్చడిలోని వేపపువ్వును మనం ఏరి పారవేయము గదా. తాతా మనుమలు ఒక అరుగుమీద కూర్చొని ఆ చిన్న పుస్తకం చదువుకొని, ఒప్పుకోకపోయినా మాట్లాడుకుంటే, ఆ ఇంట తెలుగు మరొక తరం నిలుస్తుంది. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.